ఆదివారం ఒక్కదాన్నే హైదరాబాద్ చూడాలనుకుంటున్నా, ఎక్కడ మొదలుపెట్టాలి?

గోదారిగట్టు | శుక్రవారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. రాజమండ్రి నుంచి ఉద్యోగానికి వచ్చి అమీర్‌పేటలో హాస్టల్‌లో ఉంటున్నాను. ఇప్పటివరకు ఈ ఊళ్లో నాకు తెలిసింది ఆఫీసు, హాస్టల్, మధ్యలో మెట్రో. రూమ్మేట్స్ సెలవొస్తే ఊరెళ్లిపోతారు, లేదంటే మాల్‌కి. నాకు మాల్ అంటే మహా విసుగు. ఈ ఆదివారం ఎవరి కోసమూ చూడకుండా ఒక్కదాన్నే బయల్దేరదామనుకుంటున్నాను.

పాత కట్టడాలు, పుస్తకాలు, తిండి ఇష్టం. మాంసం తింటాను. బండి లేదు. హిందీ అంతంతమాత్రం. హాస్టల్ గేటు రాత్రి తొమ్మిదిన్నరకు వేసేస్తారు. అమ్మకు చెబితే "ఒక్కదానివే ఎందుకే, ఎవరినైనా తీసుకెళ్లొచ్చుగా" అంది. అందుకే ఒక ప్లాన్ చేతిలో ఉంటే ధైర్యంగా ఉంటుంది. సలహాలు ఇవ్వండి.

ఒక్కసారే_జీవితం | శుక్రవారం, రాత్రి 9:30

చాలా సింపుల్. పొద్దున గోల్కొండ, అక్కడి నుంచి కుతుబ్ షాహీ సమాధులు, సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్, చార్మినార్, సాయంత్రం బిర్లా మందిర్, చీకటి పడ్డాక ట్యాంక్‌బండ్, బోటెక్కి బుద్ధుడు. రోజంతటికీ క్యాబ్ మాట్లాడుకోండి. మా బంధువులు వచ్చినప్పుడల్లా ఇదే చేయిస్తాను, ఒక్కటి కూడా మిస్ అవ్వదు.

నడకరాయుడు | శుక్రవారం, రాత్రి 9:58

పైన చెప్పింది రేపు రైలెక్కి వెళ్లిపోయే చుట్టాలకు సరిపోతుంది. ఈవిడ ఇక్కడే ఉండబోతున్నారు. గోల్కొండ ఎక్కడికీ పోదు, 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించి పట్టుకున్నాక కూడా అక్కడే ఉంది. ఒక్కరే తిరిగేటప్పుడు అసలు సుఖం ఎక్కడ కావాలంటే అక్కడ ఆగిపోవడం. క్యాబ్ బయట వెయిటింగ్‌లో ఉంటే మనసు మీటర్ మీదే ఉంటుంది.

గోదారిగట్టు గారూ, నా మాట వింటే ఒక్క దారి పట్టుకోండి, కాలినడకన. అమీర్‌పేట నుంచి ఎల్‌బీ నగర్ వైపు వెళ్లే రెడ్ లైన్ ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగండి. అది కోఠి. అక్కడి నుంచి అఫ్జల్‌గంజ్, నయాపూల్, మదీనా, పత్తర్‌గట్టి, చార్‌కమాన్, చార్మినార్. తిన్నగా వెళితే మూడు కిలోమీటర్లు ఉండదు. కానీ తిన్నగా వెళ్లరు, అదే కావాల్సింది.

అఫ్జల్‌గంజ్‌లో నది ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి పాత భవనం, అవతలి ఒడ్డున హైకోర్టు. రెండూ విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లిష్ ఆర్కిటెక్ట్ గీసినవే. హైకోర్టు 1920లో మొదలైంది. నయాపూల్ మీద ఆగి రెండు వైపులా చూడండి. ఇప్పుడు మూసీని చూస్తే ముక్కు మూసుకోవాలనిపిస్తుంది కానీ 1908 సెప్టెంబర్ 28న ఇదే నది ఊరిని ముంచేసింది. వేలమంది పోయారు. ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. ఆ రోజు దాని కొమ్మలెక్కి దాదాపు 150 మంది బతికారని చెబుతారు. ఆ వరద తర్వాతే నిజాం విశ్వేశ్వరయ్యను పిలిపించాడు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు అలా వచ్చినవే. ఈ సంగతి తెలిసి వంతెన దాటితే ఒకలా ఉంటుంది, తెలియక దాటితే ట్రాఫిక్ మాత్రమే కనిపిస్తుంది.

ఇరానీకప్పు | శుక్రవారం, రాత్రి 10:05

రాయుడన్న మళ్లీ మూసీ ఎత్తుకున్నాడు 😀

లష్కర్_సుజాత | శుక్రవారం, రాత్రి 10:21

అమ్మాయ్, నేను పుట్టి పెరిగింది సికింద్రాబాద్‌లో, ఒక్కదాన్నే తిరగడం కాలేజీ రోజుల నుంచి అలవాటు. వీళ్లెవరూ చెప్పనివి చెబుతాను.

మొదటిది టాయిలెట్. చార్మినార్ చుట్టుపక్కల ఆడవాళ్లకు అదే పెద్ద ఇబ్బంది. మెట్రో స్టేషన్‌లో ఒకసారి, సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒకసారి పని ముగించుకో. నీళ్లు తాగడం మాత్రం తగ్గించకు, నేను అలా చేసి తలనొప్పి తెచ్చుకునేదాన్ని.

ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితమే కానీ తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. నీ ఆధార్ ఇంకా రాజమండ్రి మీదే ఉంటే టికెట్ కొనుక్కో, కండక్టర్‌తో వాదించకు. చిల్లర దగ్గర పెట్టుకో. మెట్రో టికెట్ వాట్సాప్‌లోనే వస్తుంది.

ఆదివారం చార్మినార్ దగ్గర జనం ఎక్కువ. గుంపులో బ్యాగు ముందుకు వేసుకుంటే చాలు, భయపడాల్సిందేమీ లేదు. ఎవడైనా వెంటపడి విసిగిస్తే గట్టిగా అరువు, షాపుల వాళ్లే వస్తారు. 100కి ఫోన్ చేస్తే ఆడవాళ్ల భద్రత కోసం పోలీసుల షీ టీమ్స్ కూడా ఉన్నాయి, 2014 నుంచి పనిచేస్తున్నాయి. అమ్మకు లైవ్ లొకేషన్ పెట్టేయ్. ఆవిడకీ టెన్షన్ ఉండదు, నీకూ గంటకోసారి ఫోన్ ఉండదు.

గోదారిగట్టు | శుక్రవారం, రాత్రి 10:40

సుజాతక్కా, థాంక్యూ! టాయిలెట్ సంగతి ఏ వీడియోలోనూ ఎవరూ చెప్పరు. ఆధార్ ఇంకా రాజమండ్రిదే.

రాయుడు గారూ, నడక నాకు ఇష్టమే. కానీ గోల్కొండలో చప్పట్లు కొడితే పైన వినిపిస్తుందట కదా, అది వదిలేయాలా?

మలక్‌పేట_మామ | శుక్రవారం, రాత్రి 11:02

అమ్మా, దాంట్లో ఒక చిక్కుంది. ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే కిలోమీటర్ దూరంలో కొండ మీదున్న బాలా హిస్సార్‌కి వినిపిస్తుంది. నిజమే. ఒక్కదానివే వెళితే కింద కొట్టేది నువ్వే. మరి పైన వినేదెవరు? నువ్వు పైకెళ్లి ఎవరో గైడు కొట్టే చప్పట్లు వినాలి. గోల్కొండకు ఇద్దరుగా వెళ్లు. రామదాసు చెర చూడు, కొండెక్కుతుంటే జగదాంబిక అమ్మవారి గుడి వస్తుంది, ఆషాఢంలో నగరంలో బోనాలు మొదలయ్యేది అక్కడే. దానికి ఒక పూట విడిగా కావాలి.

ఒక్కసారే_జీవితం | శుక్రవారం, రాత్రి 11:10

అందరూ కలిసి గోల్కొండ తీసేశారు. హైదరాబాద్ చూశానని చెప్పుకోవడానికి ఇంకేం మిగిలింది?

నడకరాయుడు | శుక్రవారం, రాత్రి 11:14

ఎవరికి చెప్పుకోవాలి?

పాతపుస్తకం | శనివారం, ఉదయం 7:45

పుస్తకాలు అన్నారు కదా, ఆదివారం అనగానే ఆబిడ్స్ గుర్తు రాకపోతే ఎలా! ఆ రోజు షాపులు మూసి ఉంటాయి కాబట్టి వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఇంగ్లిష్ నవలలు, పోటీ పరీక్షల గైడ్లు, పిల్లల బొమ్మల పుస్తకాలు, అడుగున ఎక్కడో తెలుగు. తెలుగు కావాలంటే అడగాలి, కొందరు లోపలి నుంచి తీస్తారు. చెప్పిన ధరకు కొనకండి. నచ్చిన పుస్తకాన్ని మధ్యలో పెట్టి, నచ్చని రెండిటితో కలిపి ధర అడగండి. మొహంలో సంతోషం కనిపించిందా, రేటు పెరిగిందే.

ఇంకోటి. రాజమండ్రి వాళ్లు గౌతమీ గ్రంథాలయం చూసి పెరిగి ఉంటారు. కోఠిలో దిగుతారు కాబట్టి సుల్తాన్‌బజార్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం చూడండి. 1901లో పెట్టారు. కొమర్రాజు లక్ష్మణరావు, నాయని వెంకటరంగారావు, రావిచెట్టు రంగారావు లాంటి వాళ్ల చలవ. నిజాం రాజ్యంలో చదువూ ఆఫీసూ ఉర్దూలో నడిచే రోజుల్లో తెలుగు పుస్తకాల కోసం ఒక ఇల్లు కట్టుకోవడం చిన్న పని కాదు. చార్మినార్ ముందు సెల్ఫీ తీసుకునే తెలుగువాళ్లలో ఎంతమందికి ఈ భవనం తెలుసు? తెలియదు. ఏడుపొస్తుంది. సరే, ఆ గొడవ ఇక్కడొద్దు.

ఇరానీకప్పు | శనివారం, ఉదయం 9:20

తిండి శాఖ నాది.

ఒక్కరే హోటల్‌కి వెళ్లాలంటే చాలామందికి మొహమాటం. ఇరానీ హోటల్‌లో అది అక్కర్లేదు. ఖాళీ కుర్చీ కనిపిస్తే కూర్చోవడమే, ఎదురుగా ఎవరున్నా పట్టించుకోరు. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్ ఎలాగూ తీసుకుంటారు. లుఖ్మీ కనిపిస్తే వదలొద్దు, లోపల ఖీమా ఉండే నలుచదరపు సమోసా అనుకోండి. తీపి కావాలంటే దిల్‌ఖుష్.

పొద్దున త్వరగా వెళ్లగలిగితే పాతబస్తీ టిఫిన్ కిచిడీ, ఖీమా, ఖట్టా అనే పుల్లటి పులుసు. ఇడ్లీ మనుషులకు పొద్దున్నే ఖీమా ఏంటనిపిస్తుంది, ఆ ఖట్టా పులుపు తగిలాక మాట్లాడండి. గుల్జార్ హౌజ్ దగ్గర ఉదయం పూట దోసె బండి కూడా ఉంటుంది, వెన్న ఎక్కువ.

బిర్యానీ సింగిల్ చెప్పినా ఇద్దరికి వస్తుంది. మిగిలితే ప్యాక్ చేయించుకోవడానికి సిగ్గుపడొద్దు. ఏ హోటల్ అని అడగకండి, నేను చెప్పగానే ఇక్కడ యుద్ధం మొదలవుతుంది.

మెహిదీపట్నం_5కె | శనివారం, ఉదయం 9:26

చెప్పకుండా తప్పించుకుంటే ఎలా? మదీనా దగ్గరి బిర్యానీయే అసలు బిర్యానీ. సికింద్రాబాద్ వాళ్లు తినేది మసాలా అన్నం.

లష్కర్_సుజాత | శనివారం, ఉదయం 9:31

ఏమన్నావ్?

నిర్వాహకుడు | శనివారం, ఉదయం 9:50

బిర్యానీ గొడవలకు విడిగా చర్చ ఉంది, అక్కడికి వెళ్లండి. ఆ తర్వాత వచ్చిన పోస్టులు అటు మార్చాను.

మలక్‌పేట_మామ | శనివారం, మధ్యాహ్నం 12:15

సాలార్‌జంగ్ గురించి ఎవరూ సరిగా చెప్పలేదు. శుక్రవారం సెలవు, ఆదివారం ఉంటుంది. చౌమహల్లాకీ శుక్రవారమే సెలవు. ఆదివారం సెలవు ఉన్న ఉద్యోగులకు అదొక వరం.

మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ కొంతకాలం ఏడో నిజాంకి ప్రధానిగా చేశాడు. పెళ్లి చేసుకోలేదు. జీవితం, సొమ్ము రెండూ వస్తువులు కొనడానికే పెట్టాడు. 1949లో పోయాడు. 1951లో ఆయన ఇల్లు దివాన్ దేవిడీలోనే మ్యూజియం పెట్టి నెహ్రూ చేత ప్రారంభింపజేశారు. ఇప్పుడున్న భవనానికి 1968లో మారింది.

అన్ని గదులూ చూడాలనుకోకు. కాళ్లు పడిపోతాయి, మొదటి గదికీ చివరి గదికీ తేడా తెలియదు. మేలిముసుగు రెబెక్కా దగ్గర నిలబడు. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కింది, మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. పాలరాతిలో తడి బట్ట ఎలా చెక్కాడో అర్థం కాదు. తర్వాత చెక్క బొమ్మ, ముందు నుంచి మెఫిస్టోఫిలీస్ అనే దయ్యం, వెనక అద్దంలో మార్గరెట్టా అనే అమ్మాయి. అక్కడ గైడు గుంపులు వస్తూ పోతూ ఉంటాయి. ఒక గుంపు వెళ్లి ఇంకోటి వచ్చేలోపు దొరికే రెండు నిమిషాలు నీవి. ఒక్కదానివే వెళ్లడంలో లాభం అదే, ఆ రెండు నిమిషాల కోసం నిన్ను ఎవరూ లాక్కెళ్లరు.

గంట కొట్టే గడియారం దగ్గరికి పన్నెండుకి కాస్త ముందే వెళ్లి కూర్చో. చిన్న గడ్డం బొమ్మ తలుపు తీసుకుని వచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. పన్నెండు దెబ్బలు కాబట్టి ఆ వేళకు జనం ఎక్కువ. అందరూ ఆ బొమ్మనే చూస్తారు, పక్కనే సెకనుకో దెబ్బ వేస్తూ ఉండే కమ్మరివాణ్ని ఎవరూ చూడరు. నాకు వాడంటేనే ఇష్టం.

రాత్రిషిఫ్ట్ | శనివారం, సాయంత్రం 6:05

నాదొక ప్రశ్న. ఒంటరిగా వెళ్లి ఫొటోలు ఎవరితో తీయించుకుంటారు? నేను మొన్న ట్యాంక్‌బండ్ మీద ఒకాయనకు ఫోన్ ఇస్తే ఆయన బుద్ధుణ్ని చక్కగా తీశాడు, నన్ను సగం కోసేశాడు.

లష్కర్_సుజాత | శనివారం, సాయంత్రం 6:20

కాలేజీ పిల్లల్ని అడుగు. పది తీసి ఇస్తారు, ఎలా నిలబడాలో కూడా చెబుతారు.

గోదారిగట్టు | ఆదివారం, రాత్రి 10:10

వచ్చేశాను, గేటు వేయకముందే!

కోఠిలో దిగి ముందు ఆంధ్రభాషా నిలయం వెతుక్కున్నాను. బజారు మధ్యలో బట్టల బేరాలు, బండ్లు, హారన్లు. బోర్డు మీద తెలుగు అక్షరాలు కనిపించగానే ఎవరో తెలిసినవాళ్లు ఎదురైనట్టు అనిపించింది. బయటి నుంచే చూసి కదిలాను. ఉస్మానియా ఆస్పత్రి చింతచెట్టు ఎక్కడని అడిగితే ఒక పెద్దాయన లోపలికి తీసుకెళ్లి చూపించారు. ఆయన ఉర్దూలో, నేను తెలుగులో, ఇద్దరం చేతులతో మాట్లాడుకున్నాం. వరద ఎంత ఎత్తుకి వచ్చిందో చెయ్యి పైకెత్తి చూపిస్తూ ఆయన మునివేళ్ల మీద లేచారు. గోదావరి వరద చూసి పెరిగినదాన్ని, నాకు వేరే చెప్పక్కర్లేదు.

మ్యూజియంలో అనుకున్నదానికంటే చాలాసేపు ఉండిపోయాను. కమ్మరివాణ్ని చూశాను మామగారూ. చెబితే పక్కనున్న పిల్లలు కూడా వాడినే చూడటం మొదలుపెట్టారు, వాళ్ల నాన్న మాత్రం అసలు బొమ్మ మిస్ అయిపోతారని వాళ్ల తలలు ఇటు తిప్పుతూనే ఉన్నాడు. రెబెక్కా దగ్గర బాగానే ఉంది కానీ నాకు అంత ఆశ్చర్యం వేయలేదు, ఫొటోల్లో ముందే ఎక్కువసార్లు చూసేయడం వల్లనేమో. వంటగిన్నెలు, పాన్‌దాన్‌లు, హుక్కాలు ఉన్న చోట ఎక్కువసేపు గడిపాను.

తిండి: మదీనా దాటాక ఒక హోటల్‌లో ఎక్కాను. "అకేలీ?" అని అడిగి ఒక కుటుంబం ఉన్న టేబుల్ చివర కూర్చోబెట్టారు. వాళ్లమ్మ తన ప్లేట్‌లోంచి డబుల్ కా మీఠా నాకు వడ్డించబోయింది. వద్దనలేకపోయాను. బిర్యానీ సగం ప్యాక్ చేయించాను, ఇప్పుడు రూమ్మేట్ తింటోంది.

చార్మినార్ ఎక్కలేదు. క్యూ చూసి వెనక్కి తిరిగాను. 149 మెట్లు, సన్నటి దారి, పైకి వెళ్లినా మొదటి అంతస్తు వరకే అన్నారు. కింద నిలబడి చూడటమే బాగుంది. 1591లో కట్టినప్పుడు చుట్టూ ఈ హోర్డింగులు ఉండి ఉండవు కదా అనిపించింది. మక్కా మసీదు ఆవరణలో మాత్రం నిమ్మళంగా కూర్చున్నాను, పావురాలు, పిల్లలు, నిజాంల సమాధులు. లాడ్‌బజార్‌లో లక్క గాజులు కొన్నాను, బేరం బాగా ఆడాననుకున్నాను, సుజాతక్కకు ధర చెప్పను.

చౌమహల్లాకి టైమ్ సరిపోలేదు. తిరిగొస్తూ ఆబిడ్స్‌లో దిగాను. అప్పటికి సర్దేస్తున్నారు. పాతపుస్తకం గారు చెప్పినట్టు మూడు కలిపి ధర అడిగితే ఆయన నవ్వి మధ్యదే తీసి చేతికిచ్చాడు!

పాతపుస్తకం | ఆదివారం, రాత్రి 10:22

ఆ కిటుకు అందరికీ చెప్పేశానని తెలిసిపోయినట్టుంది. ఏం పుస్తకం?

గోదారిగట్టు | ఆదివారం, రాత్రి 10:25

పాత వంటల పుస్తకం. ముందు పేజీలో ఎవరో పెన్సిల్‌తో పాలు, పంచదార లెక్క రాసుకున్నారు. అది చూసే కొన్నాను.

ఒక్కసారే_జీవితం | ఆదివారం, రాత్రి 10:31

చార్మినార్ ఎక్కలేదు, చౌమహల్లా చూడలేదు, గోల్కొండ లేదు, ట్యాంక్‌బండ్ లేదు. ఆస్పత్రిలో చెట్టు చూసి వచ్చారు. నేనేం మాట్లాడను.

నడకరాయుడు | ఆదివారం, రాత్రి 10:34

చౌమహల్లా ఖిల్వత్ ముబారక్ హాలులో 19 షాండ్లియర్లు ఉన్నాయి, అదొక్కటి నిజంగా మిస్సయ్యారు. ఇంకో ఆదివారం అటు నేరుగా వెళ్లండి, పొద్దున్నే.

లష్కర్_సుజాత | ఆదివారం, రాత్రి 10:50

గాజుల ధర చెప్పకపోయినా నాకు అర్థమైంది. సరే, జనవరి 1 నుంచి నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ మొదలవుతుంది, ఫిబ్రవరి మధ్య దాకా ఉంటుంది. గాంధీభవన్ స్టేషన్‌లో దిగితే పక్కనే. శని, ఆదివారాలు వద్దు, కాలు పెట్టే చోటు ఉండదు. వారం మధ్యలో ఆఫీసు నుంచి నేరుగా వెళ్లు. కొత్త చెప్పులు వేసుకోకు, దుమ్ము.

గోదారిగట్టు | ఆదివారం, రాత్రి 10:58

నుమాయిష్‌కి ఒక్కదాన్నే వెళ్లనక్కా. జెయింట్ వీల్ ఎక్కితే పక్కన అరవడానికి ఎవరో ఒకరు కావాలి. చెల్లి సంక్రాంతికి ముందు ఇక్కడికి వస్తానంటోంది, దాన్ని లాక్కెళ్తాను. గోల్కొండ చప్పట్లు కూడా దానితోనే.

నిర్వాహకుడు | ఆదివారం, రాత్రి 11:05

నుమాయిష్ ప్రశ్నలకు విడిగా చర్చ తెరిచాను. మొదటి పోస్ట్ పార్కింగ్ గురించి అని ముందే తెలుసు.